అయిదు గళ్ళ జవాబు

జిల్లా క్రీడా వికాస శాఖకు ఆటలంటే ప్రాణం. ఆటగాళ్ళంటేనే కొంచెం తలనొప్పి. వాళ్ళకు చెమట పడుతుంది, మోకాళ్ళు చెక్కుకుపోతాయి, ఊరికూరికే దాహం వేస్తుంది. అన్నిటికీ మించి, పరిగెత్తడానికి చోటు కావాలంటారు. ఆ చోటు జిల్లాలో ఎప్పుడో అయిపోయింది. ఒక బడి మైదానంలో రైతుబజారు లేచింది, ఇంకో బడి మైదానంలో నీళ్ళ ట్యాంకు లేచింది, జిల్లా కేంద్రంలోని పెద్ద మైదానంలోనైతే క్రీడా వికాస శాఖవారి మూడంతస్తుల కార్యాలయమే లేచింది.

ఇలా ఉండగా, ఆటలు లేని బడి ఒక్కటి కూడా ఉండరాదని పైనుంచి ఉత్తర్వు దిగింది. మైదానాలు మళ్ళీ పుట్టించడం ఎవరి తరం? శాఖ కమిషనరు గారికి పొద్దున్నే కాఫీ తాగుతూ పేపర్లో పదవినోదం పూరించే అలవాటుంది. ఒకరోజు నిలువు పద్నాలుగులో ‘బంతిని కాలితో తన్నే ఆట’ అన్న ఆధారం దగ్గర ఆయన పెన్ను ఆగిందట. ఆటంతా నాలుగు గళ్ళలో పట్టేస్తుంటే దానికి అయిదెకరాలెందుకని ఆయనకు తట్టిందట. కాఫీ చల్లారేలోగా పథకం తయారైంది.

కొత్తగెడ్డ ఉన్నత పాఠశాల వ్యాయామోపాధ్యాయుడు తవిటినాయుడు ఆ ఉత్తర్వును మూడుసార్లు చదివాడు. “ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, ఇకపై క్రీడ అనగా క్రీడలకు సంబంధించిన ఆధారములతో కూడిన పదవినోదమును గళ్ళయందు పూరించుట. శరీరమును కదిలించి ఆడునవి పూర్వపు క్రీడలుగా పరిగణింపబడును. సదరు పూర్వపు క్రీడల సామగ్రిని వారంలోగా శాఖకు అప్పగించి రశీదు పొందవలెను.”

తవిటినాయుడికి ఇరవై రెండేళ్ళ సర్వీసు. మెడలో ఈల లేకుండా అతన్ని చూసినవాళ్ళు ఊళ్ళో తక్కువ. అతని బడికి మాత్రం మైదానం మిగిలింది. అది శ్మశానం పక్కనుండబట్టి దానిమీద ఎవరూ కన్ను వేయలేదు. ఆ మైదానంలోనే అతను ఒక పిల్లను తయారుచేశాడు. పేరు అసిరితల్లి, తొమ్మిదో తరగతి. కిందటేడు జిల్లా పోటీల్లో వట్టికాళ్ళతో వంద మీటర్లు పదమూడు సెకన్లలో పరిగెత్తి, కప్పు తీసుకుని, బస్సు తప్పిపోతుందని ఆ కప్పుతో సహా బస్టాండు దాకా పరిగెత్తిన పిల్ల.

అసిరితల్లి తల్లి గున్నమ్మ జీడి షెడ్డులో పిక్కలు ఒలుస్తుంది. జీడి సొనకు ఆమె వేళ్ళు నల్లగా కమిలిపోయి, వేలిముద్ర వేద్దామన్నా మిషను పట్టుకోదు. ఈ ఏడు ఎంపికలో నెగ్గితే అసిరితల్లికి జిల్లా క్రీడా వసతి పాఠశాలలో సీటు వస్తుంది. తిండి, బట్ట, చదువు అన్నీ వాళ్ళే చూసుకుంటారు. నెగ్గకపోతే తల్లి పక్కన షెడ్డులో పీట సిద్ధంగా ఉంది. ఈ సంగతి తవిటినాయుడికి తెలుసు, గున్నమ్మకు తెలుసు, ఆ పిల్లకు అందరికన్నా బాగా తెలుసు.

కాబట్టి తవిటినాయుడు నోరు మూసుకుని మూడు ఫుట్‌బాళ్ళు, ఖోఖో స్తంభాలు, ఒక ఈటె, రెండు తాళ్ళు అప్పగించాడు. బదులుగా రెండు వందల పెన్సిళ్ళు, రెండు వందల రబ్బర్లు, నాలుగు చెక్కుడు మరలు వచ్చాయి. స్టాప్‌వాచీ ఒక్కటి మాత్రం లెక్కలో లేదు. అది చొక్కా జేబులో ఉండిపోయింది.

నెల తిరక్కుండా జిల్లా క్రీడా వికాస అధికారి శేషశయనం గారు తనిఖీకి వచ్చారు. నిండైన విగ్రహం. జీపు దిగడమే ఆయనకు ఒక వ్యాయామం. తరగతిలో పిల్లలు బెంచీల మీద కూర్చుని గళ్ళు నింపుతుంటే చూసి ముఖం చిట్లించారు.

“బూట్లేవయ్యా నాయుడూ? బూట్లు, బనియన్లు లేకుండా క్రీడ ఏమిటి? ఇదేమన్నా చదువనుకున్నావా?”

“కూర్చునే ఆట కదా సార్...”

“కూర్చున్నంత మాత్రాన క్రమశిక్షణ సడలరాదు. పూరణకు ముందు వేళ్ళకు సన్నాహక వ్యాయామం తప్పనిసరి. ఈల వేయకముందే పెన్సిలు ఆన్చినవాణ్ణి తప్పుడు ప్రారంభం కింద బయటికి పంపాలి. ప్రథమ చికిత్స పెట్టె ఎక్కడ? పెన్సిలు ములుకు గుచ్చుకుంటే బాధ్యులెవరు?”

ఇక నిఘంటువు చూడటం నిషిద్ధ ఉత్ప్రేరకం వాడటంతో సమానమని, పట్టుబడితే రెండేళ్ళ నిషేధమని ఆయన చెప్పారు. పక్క మండలంలో అప్పటికే ఒక పిల్లవాడి మీద వేటు పడింది. వాడు నిఘంటువు ముట్టుకున్న పాపాన పోలేదు. కాని వాళ్ళ నాన్న తెలుగు పండితుడని తేలడంతో అది వంశపారంపర్య ఉత్ప్రేరకమని శాఖ తీర్మానించింది.

తవిటినాయుడు అన్నిటికీ తల ఊపాడు. పొద్దున్న ఆరింటికి మాత్రం శ్మశానం పక్క మైదానంలో అసలు శిక్షణ నడిచేది. అసిరితల్లికి మొదట్లో ఆధారాలు కొరుకుడు పడలేదు. ‘ఖోఖోలో తరిమే జట్టులో కూర్చుని ఉండువారి సంఖ్య’ అని చదివితే బిక్కమొహం వేసేది. “లేచి నిలబడి, మన జట్టుని తలుచుకో” అనేవాడు తవిటినాయుడు. ఆ పిల్ల కళ్ళు మూసుకుని, ఒక్కొక్కరి వీపూ తట్టినట్టు చెయ్యి ఊపి, “ఎనిమిదిమంది సారూ! తొమ్మిదోదాన్ని నాను, తరుముతన్నాను గదా” అనేది. చెడుగుడయినా, బొంగరమయినా, కోతికొమ్మచ్చి అయినా అంతే. ఆడినదాన్ని ఆమె మరిచిపోదు. వంద మీటర్లు పరిగెత్తి వచ్చి, రొప్పుతూనే ఒక ఆధారానికి జవాబు చెప్పాలి. రెండు నెలలకు జిల్లావారు పంపిన నమూనా గళ్ళన్నీ ఈల వేసిన పావుగంటలో నింపేసింది. తవిటినాయుడు ఆ రోజు ఇంటికి వెళ్ళి భార్యకు ఆ కాగితం రెండుసార్లు చూపించాడు.

ఎంపిక రోజు వచ్చింది. శాఖ కార్యాలయం మూడో అంతస్తులో ఎనభైమంది పిల్లలు బూట్లు, బనియన్లు తొడుక్కుని బల్లల ముందు కూర్చున్నారు. చంకలో పెట్టెతో ఒక నర్సు నిలబడింది. వేళ్ళ వ్యాయామం పూర్తయింది. శేషశయనం గారు సీలు వేసిన కవరు విప్పి, పదవినోదాన్ని, పక్కనున్న హాజరు పట్టీని ఒకసారి చూశారు. చూసి, కుర్చీ పట్టుకున్నారు.

“నాయుడూ, ఇలా రా. కొంప మునిగింది. ప్రశ్నపత్రం లీకయింది.”

“ఎక్కడ సార్?”

“ఇక్కడే. మూడో వరుసలో కూర్చుని ఉంది.”

స్థానిక ప్రతిభకు ప్రాధాన్యం ఇవ్వాలన్న ఉద్దేశంతో ఆధారాల కమిటీవారు అడ్డం పదిహేడు ఇలా రాశారు: ‘గత జిల్లా పోటీలలో వంద మీటర్ల పరుగున ప్రథమురాలైన బాలిక (అయిదు గళ్ళు).’

తవిటినాయుడి ముఖం వెలిగింది. “అసిరితల్లి! మా పిల్లే సార్! ఆ ఒక్కటీ కళ్ళు మూసుకుని రాసేస్తాది.”

“అదేనయ్యా నేను చెప్పేది. జవాబే అభ్యర్థిగా హాజరైతే గోప్యత ఏమైనట్టు? మూడో వరుసలో జవాబు జడ వేసుకుని కూర్చుంటే మిగతా డెబ్భై తొమ్మిదిమంది తల తిప్పి చూడరా? జవాబు దగ్గుతుంది, జవాబు మంచినీళ్ళు అడుగుతుంది. జవాబులను పోటీ ముగిసేవరకు సీలు వేసి భద్రపరచాలని నిబంధన తొమ్మిది ఘోషిస్తోంది.”

ఆ నిబంధన కాగితాల గురించేనని తవిటినాయుడు గొంతు చించుకున్నాడు. జవాబు అని ఉందే గాని కాగితం అని లేదని శేషశయనం గారు వేలు పెట్టి చూపించారు. చూస్తే నిజంగానే లేదు. ఒక కానిస్టేబులు వచ్చి అసిరితల్లిని లేవదీసి కింద గదికి తీసుకెళ్ళి, తలుపు వేసి, తాళం మీద లక్క పోసి శాఖ ముద్ర కొట్టాడు.

ఆ గది జిల్లాలోని బడులన్నీ అప్పగించిన పూర్వపు క్రీడల సామగ్రి ఉంచిన గది. గాలి తగ్గిన బంతులు, బూజు పట్టిన వలలు, కట్టలు కట్టిన ఈటెలు. పైన ఈల మోగి, డెబ్భై తొమ్మిది పెన్సిళ్ళు గీకడం మొదలైన పది నిమిషాలకు కింద నుంచి ధబ్, ధబ్‌మని చప్పుడు వినిపించింది. పిల్లలు ఒక్కొక్కరే తలెత్తారు. ఒకడి కాలు బల్ల కింద దానంతటదే ఊగింది. శేషశయనం గారు కానిస్టేబుల్ని పంపి, జవాబును నిశ్శబ్దంగా ఉండమని తలుపు సందులోంచి చెప్పించారు. సీలు విప్పకూడదు కనుక అంతకుమించి ఎవరూ ఏమీ చేయలేకపోయారు. రెండు గంటలూ ధబ్, ధబ్‌మంటూనే ఉంది.

సీలు విప్పాక అసిరితల్లి చెమటతో తడిసి, నవ్వుతూ బయటికి వచ్చింది. “సారూ, మన బంతి కనబడ్డాది. నాను దారంతో కుట్టిన కుట్టు అలాగే ఉన్నాది. ఇప్పుడు పైకెల్లి రాయమంటారా?”

తవిటినాయుడు బంతి అందుకుని ఆ కుట్టును బొటనవేలితో తడిమాడు.

వారానికి ఫలితాలు వచ్చాయి. ఇరవైమందికి సీట్లు. ఇరవైమందీ అడ్డం పదిహేడులో అసిరితల్లి అని తప్పులేకుండా రాశారు. అందులో ఎనిమిదిమందికి పరిగెడితే ఆయాసం వస్తుందని వైద్య ధ్రువపత్రాలున్నాయి. పట్టీలో అసిరితల్లి పేరు ఎదురుగా గైర్హాజరు అని ఉంది.

తవిటినాయుడు అర్జీ పట్టుకుని కార్యాలయానికి పరిగెత్తాడు. ఆవరణలో పరుగు నిషిద్ధమని గేటు దగ్గర వాచ్‌మన్ ఆపితే, మిగతా దూరం నడిచాడు.

“మాకు సానుభూతి లేదనుకోకు నాయుడూ” అన్నారు శేషశయనం గారు. “ఖాళీలు ఏర్పడితే భర్తీకి వచ్చే నెల మరో విడత పోటీ ఉంది. కాని ఆధారాలు ఆమోదం పొందినవి, మార్చే అధికారం నాకు లేదు. అడ్డం పదిహేడు అక్కడే ఉంటుంది. ఆమె ప్రథమురాలిగా ఉన్నంతకాలం జవాబే. జవాబుగా ఉన్నంతకాలం అభ్యర్థి కాజాలదు.”

“ఎన్నాళ్ళుంటాది సార్ అలాగ?”

“ఎవరైనా ఆమెను ఓడించేవరకు.”

“పరుగు పందేలే తీసేశారు కదా సార్. ఇంకెవరు ఓడిస్తారు?”

అది విధానపరమైన ప్రశ్న అన్నారు శేషశయనం గారు.

తవిటినాయుడు లేచి గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. ఇరవై రెండేళ్ళుగా పిల్లలకు గెలవడం నేర్పినవాడికి ఆ ఆలోచన రావడమే సిగ్గుగా ఉంది. అయినా వెనక్కి తిరిగాడు.

“సార్, పూర్వపు క్రీడల రికార్డులు సవరించే అధికారం జిల్లా అధికారికి ఉంది కదా. తమరే ఒక్కసారి పరిగెత్తితే? ఆ పిల్ల మెల్లగా వస్తాది. తమరు ప్రథములైపోతారు. జవాబు తమరవుతారు.”

“బాలిక అని ఉంది కదయ్యా.”

“ఆ ఒక్క మాటా అచ్చుతప్పుల పట్టీలో సవరించొచ్చు సార్. అచ్చుతప్పులు తమ పరిధిలోవే.”

శేషశయనం గారు బల్ల మీది గాజు పలకపై వేళ్ళు ఆన్చి, పెదవులు కదుపుతూ తన పేరును నెమ్మదిగా లెక్కపెట్టుకున్నారు. సరిగ్గా అయిదు గళ్ళు. జిల్లాలోని పిల్లలందరూ పెన్సిళ్ళు పట్టుకుని తన పేరు కోసం బుర్రలు గోక్కోవడం ఆయన కళ్ళముందు కనిపించింది కాబోలు, ముఖంలో పెళ్ళికళ వచ్చింది.

“ప్రజాసేవలో ఏది తప్పుతుంది!” అన్నారు.

పందెం కొత్తగెడ్డ మైదానంలోనే, ఆదివారం ఉదయం. ముందురోజు తవిటినాయుడు అసిరితల్లిని పక్కకు పిలిచి విషయం చెప్పాడు. ఆ పిల్ల కాలి బొటనవేలితో నేల గీసింది.

“ఓడిపోతే సీటొస్తాదేటి?”

“ఓడిపోతేనే వస్తాదమ్మా.”

“అక్కడికెల్లినాక పరుగు నేర్పుతారా సారూ?”

తవిటినాయుడు అబద్ధం చెప్పలేక, “అన్నం పెడతారు” అన్నాడు.

“సరే, అలాగే ఓడిపోతాను” అంది అసిరితల్లి. ఈ ఏర్పాటు ఇంట్లో కూడా చెప్పొద్దని అతను మాట తీసుకున్నాడు. అక్కడే అతను తప్పు చేశాడు.

ఆదివారం శేషశయనం గారు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, కొత్త బూట్లు వేసుకుని గీత దగ్గర నిలబడ్డారు. పక్కన అసిరితల్లి వట్టికాళ్ళతో నిలబడింది. శాఖ ఫొటోగ్రాఫరు ఒకడు వచ్చాడు. తవిటినాయుడు ఈల వేశాడు. అతని చెయ్యి అలవాటు చొప్పున జేబులోని స్టాప్‌వాచీ నొక్కింది.

శేషశయనం గారు బయల్దేరారు. అసిరితల్లి నాలుగు గజాలు వెనకగా, గుళ్ళో ప్రదక్షిణం చేస్తున్నట్టు నడిచింది. ముప్పై మీటర్ల దగ్గర ఆయన పొట్ట పట్టుకున్నారు. యాభై దగ్గర బూటు లేసు ఊడింది. అరవై దగ్గర ఆగిపోయి, మోకాళ్ళ మీద చేతులాన్చి, ఒక్క నిమిషం అన్నట్టు వేలు చూపించారు. అసిరితల్లి కూడా ఆగింది. చేతులు కట్టుకుని ఆయన వెనక మర్యాదగా నిలబడింది. ఒక నిమిషం పోయి మూడు నిమిషాలయింది. ఫొటోగ్రాఫరు నీడకు వెళ్ళాడు.

అప్పుడు గోడ మీద నుంచి ఒక గొంతు వినబడింది. గున్నమ్మ! ఆదివారం కూడా షెడ్డు ఉంటుంది. కూతురు పరుగు పందెంలో ఉందని ఎవరో చెబితే పిక్కలు అక్కడే వదిలేసి వచ్చేసింది. కూతురు కప్పు తేవడం చూసిందే గాని, పరిగెత్తడం ఆమె ఏనాడూ చూడలేదు.

“అలాగ నిలబడిపోనావేటే అమ్మా! కాలుకేటైనాది? పరిగెట్టే! ఒక్కపాలి పరిగెట్టే నా తల్లీ, సూడ్డానికొచ్చినాను!”

అసిరితల్లి తల తిప్పి తల్లిని చూసింది. తరవాత తవిటినాయుణ్ణి చూసింది. అతను ఆమెకు వద్దని సైగ చేయాలి. చెయ్యి సగం లేచి, అక్కడే ఆగిపోయింది.

ఆ పిల్ల వెనక్కి, బయల్దేరిన గీత దాకా నడిచి వెళ్ళింది. వంగి, నేల తాకి, లేచింది. ఆ తరవాత ఎవరికీ సరిగ్గా ఏమీ కనబడలేదు. శేషశయనం గారికి చెవి పక్కన గాలి కొట్టినట్టయి, తల ఎత్తేసరికి ఆమె అవతలి గీత దాటి, గోడ దగ్గర తల్లి నల్లటి వేళ్ళు పట్టుకుని నిలబడి ఉంది.

తవిటినాయుడు సంగతంతా చెప్పాక గున్నమ్మ గోడ దిగి కింద కూలబడింది.

“గెలిస్తే సీటు పోవడమేటి బాబూ? ఓడితే రావడమేటి? మీ ఆపీసులో ఎవులికీ మతి లేదా? అయ్యో, నా నోటితో నానే పిల్ల కూడు తీసీసినాను!”

“నువ్వు సూసినావు గదా” అంది అసిరితల్లి. “బాగా పరిగెట్టినానా?”

గున్నమ్మ ఏడుస్తూనే తల ఊపింది. తవిటినాయుడు జేబులోంచి స్టాప్‌వాచీ తీసి చూశాడు. పిల్ల గీత దగ్గరికి వెనక్కి వెళ్ళినప్పుడు దాన్ని మళ్ళీ మొదటి నుంచి ఎప్పుడు నొక్కాడో అతనికే గుర్తులేదు. పన్నెండు సెకన్లు, పైన కొంచెం. దాన్ని రాయడానికి ఇప్పుడు జిల్లాలో రిజిస్టరు లేదు.

మూడో రోజు మెమో వచ్చింది. శాఖలో ఉత్తర ప్రత్యుత్తరాలు కూడా ఆ నెల నుంచి గళ్ళలోనే నడుస్తున్నాయి. ‘అడ్డం ఒకటి: విధి నిర్వహణలో ఉన్న అధికారిని అనుమతి లేకుండా దాటి పరిగెత్తిన వ్యక్తి (అయిదు గళ్ళు). పూరించి పంపిన మీదట సదరు వ్యక్తిపైనను, ప్రోత్సహించిన వ్యాయామోపాధ్యాయునిపైనను, సదరు మైదానముపైనను చర్య తీసుకొనబడును.’

తవిటినాయుడు పెన్సిలు చెక్కుకుని కూర్చున్నాడు. శాఖ ఇచ్చిన రెండు వందల పెన్సిళ్ళలో ఒకటి నిజంగా పనికొచ్చింది ఆ రోజే. గళ్ళు ఖాళీగా వదిలేసి, కింద ఇలా రాశాడు: “జవాబు నాకు తెలియును. అయితే అదే జవాబు అడ్డం పదిహేడుకు కూడా చెల్లును గనుక, నిబంధన తొమ్మిది ప్రకారం రహస్యం. రాసినచో ప్రశ్నపత్రం లీకగును. తగు ఉత్తర్వులు కోరుచున్నాను.”

ఫైలు శేషశయనం గారి బల్ల మీదికి వెళ్ళింది. ఆయన దాన్ని కమిషనరు గారికి పంపారు. కమిషనరు గారు కాఫీ తాగుతూ చూసి, తాను కూడా రాయకూడదని గ్రహించి, వెనక్కి పంపారు. పేరు రాస్తే రహస్యం పోతుంది, రాయకపోతే చర్య ఎవరి మీదో తెలియదు. ఆ పిల్ల పరిగెత్తిందని అనలేరు, పరిగెత్తవద్దనీ అనలేరు. మైదానం జోలికి వెళ్ళాలన్నా ఈ ఫైలు ముందు తేలాలి. ఈలోగా మిగతా పిల్లలు కూడా ఒకరొకరుగా ఆ పొద్దుటి పరుగులో చేరారు. గున్నమ్మ రోజూ ఒక పది నిమిషాలు గోడ మీద కూర్చుని చూసి, పనికి వెళుతుంది.

ఆ అయిదు గళ్ళూ ఈనాటికీ ఖాళీగానే ఉన్నాయి. అసిరితల్లి మాత్రం పొద్దున్న ఆరింటికి మైదానంలోనూ, తొమ్మిదింటికి జీడి షెడ్డులోనూ ఉంటోంది.